క్యాంబర్ సర్దుబాటు

వాహనాన్ని ఎదుటినుంచి చూసినప్పుడు చక్రం నిట్టనిలువు నుంచి ఎంత వాలి ఉందో చెప్పే కోణం క్యాంబర్. చక్రం పైభాగం లోపలికి వాలితే నెగటివ్, బయటికి వాలితే పాజిటివ్ అంటారు. నెగటివ్ మితిమీరితే టైరు లోపలి అంచు, పాజిటివ్ మితిమీరితే బయటి అంచు త్వరగా అరుగుతుంది. అయితే ప్రతి అరుగుదలకూ క్యాంబరే కారణం కాదు. గాలి తక్కువైతే రెండంచులూ, ఎక్కువైతే నడిమి భాగమూ అరుగుతాయి. ట్రెడ్‌ను చేత్తో నిమిరితే రంపపు పళ్లలా తగిలిందంటే అనుమానించాల్సింది టో కోణాన్ని, అంటే పైనుంచి చూసినప్పుడు చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణాన్ని.

ఇంట్లో కొలవడానికి చదునైన నేల, దారానికి కట్టిన తూకం గుండు, స్కేలు చాలు. టైర్లలో గాలి సరిచూసి, స్టీరింగు తిన్నగా ఉంచి, దారాన్ని చక్రం పక్కన వేలాడదీసి, దాని నుంచి రిమ్ము పై అంచు, కింది అంచు ఎంతెంత దూరంలో ఉన్నాయో చూడాలి. ఆ రెండంచుల మధ్య 400 మి.మీ. ఉంటే, 7 మి.మీ. తేడా దాదాపు 1 డిగ్రీ.

మెక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉన్న కార్లలో స్ట్రట్‌ను, చక్రాన్ని మోసే నకిల్‌కు పట్టి ఉంచే రెండు బోల్టుల్లో ఒకటి తీసి, ఆ కారుకు సరిపడే క్యామ్ బోల్టు వేసి తిప్పితే వాలు మారుతుంది. చిన్న కార్లలో చాలావాటికి కంపెనీ ఈ వెసులుబాటు ఇవ్వదు. ఒక్క జాకీని నమ్ముకుని పని చేయకూడదు, స్టాండ్లు తప్పనిసరి. బోల్టులను మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే బిగించి, కారును కాస్త ముందుకూ వెనక్కూ కదిలించి మళ్లీ కొలవాలి. బాల్ జాయింటు అరిగినా, స్ట్రట్ వంగినా ఈ శ్రమంతా దండగే. క్యాంబర్ మారితే టో కూడా మారుతుంది కాబట్టి, ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.