బొమ్మల సైన్యమునకు రంగులు

నేటి బాపట్ల జిల్లాలోని మార్టూరు చుట్టును పత్తి, మిరప చేలు విస్తరించియున్నవి. ఆ చేలలో యుద్ధముల ఆనవాళ్ళేవియు కనబడవు. కాని ఆ ఊరికి నైరృతి దిక్కున అద్దంకి, ఈశాన్య దిక్కున కొండవీడు ఉన్నవి. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా పాలించెను. తరువాత అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. 1515లో శ్రీకృష్ణదేవరాయల సైన్యము గజపతుల నుండి కొండవీటిని గెలుచుకొని, అక్కడి నుండి కొండపల్లి పైకి నడచినది.

ఈ ముట్టడిని బల్లపై చిన్న బొమ్మలతో ఒక దృశ్యముగా నిర్మింపదలచినచో మొదట ఎదురగు ప్రశ్న ఇది: ఆ సైనికునకు ఏ రంగు అంగీ తొడుగవలెను? ఏనుగుపై ఏ రంగు వస్త్రము కప్పవలెను? బొమ్మను చెక్కుట చేతిపనియే కాని, దానికి రంగు వేయుట చరిత్రకు సాక్ష్యము చెప్పుట వంటిది.

బొమ్మలతో దృశ్యము కూర్చుట తెలుగువారికి కొత్త కాదు. సంక్రాంతికి, దసరాకు పెట్టు బొమ్మల కొలువు అటువంటిదే. ఆ కొలువులో అంబారీ ఏనుగునకు స్థానము తప్పదు. అది తరచుగా కొండపల్లి నుండి వచ్చినదై యుండును. ఆ గ్రామపు శిల్పులు తమను ఆర్యక్షత్రియులని చెప్పుకొందురు. తమ పూర్వులు రాజస్థానము నుండి వచ్చిరని వారిలో ఐతిహ్యము కలదు.

కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి కర్రను వాడుదురు. అది మెత్తనిది, మిక్కిలి తేలికయైనది. కర్రలో తేమ మిగిలినచో ఎండిన తరువాత అది ముడుచుకొని, పై రంగు పగులును. అందుచే మొదట కర్రను సన్నని సెగపై ఆరబెట్టుదురు. తల, చేతులు, తొండము వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుదురు. తరువాత సుద్ద పూత వేయుదురు. ఈ తెల్లపూత రెండు పనులు చేయును. కర్రలోని సన్నని రంధ్రములను మూసి రంగును లోనికి పీల్చుకొననీయదు. పైబడిన వెలుతురును వెనుకకు త్రిప్పి పంపి, పలుచని రంగునకు సైతము కాంతి నిచ్చును. మేకవెండ్రుకల కుంచెతో రంగులు వేయుట దీని తరువాతి పని.

ఐరోపాలో ఈ విద్య మరియొక మార్గమున పెరిగినది. 18వ శతాబ్దపు చివర జర్మనీలోని నూరెంబర్గు నగరమున తగరముతో పలుచని సైనికుల బొమ్మలు పోత పోసిరి. 1893లో ఇంగ్లండులో విలియం బ్రిటన్ సంస్థ లోపల బోలుగా నుండు సీసపు సైనికులను పోత పోయు పద్ధతి కనిపెట్టెను. లోహము తక్కువ పట్టుటచే బొమ్మల ధర తగ్గి, అవి సామాన్యుల పిల్లలకును అందినవి.

అటువంటి బొమ్మలలో 54 మిల్లీమీటర్ల ఎత్తుగలవి ప్రసిద్ధములు. 168 సెంటీమీటర్ల మనిషిని ఆ ఎత్తునకు కుదించినచో, ప్రతి కొలత సుమారు 31వ వంతు అగును. ఇందు ఒక చిక్కు కలదు. అంగీలో 25 మిల్లీమీటర్ల లోతుగల మడత బొమ్మపై ఒక మిల్లీమీటరు కూడ ఉండదు. దాని నీడ కంటికి ఆనదు. అందుచే చిత్రకారుడు ఆ నీడను రంగుతోనే వేయును: మడత లోపల కొంచెము ముదురు రంగు, అంచుపై కొంచెము లేత రంగు.

బొమ్మ చిన్నదైనను రంగు పూత దానితోపాటు చిన్నది కాదు. మిల్లీమీటరులో పదవ వంతు మందముగల పూత, నిజమైన మనిషి ముఖముపై మూడు మిల్లీమీటర్ల మట్టి మెత్తినట్లగును. కన్ను, ముక్కు పూడిపోవును. కావున ఒక్క చిక్కని పూతకంటె, ఆరనిచ్చుచు వేసిన రెండు మూడు పలుచని పూతలు మేలు. కొండపల్లి శిల్పి నీడలను అనుకరింపడు. చదునైన కాంతిగల రంగువేసి, నల్లని గీతతో కనుబొమను, మీసమును తీర్చును. దూరము నుండి చూచువారికి ఆ గీతయే బొమ్మకు ప్రాణము.

ఇక 1515 నాటి రంగులు ఎట్లు తెలియును? హంపిలోని హజార రామాలయపు ప్రాకారముపై ఏనుగులు, గుర్రములు, భటులు వరుసలుగా చెక్కబడియున్నారు. ఆయుధముల ఆకారమునకు అది సాక్ష్యము. కాని రాయి రంగును చెప్పదు. అచ్యుతరాయల కాలమున లేపాక్షి ఆలయపు పైకప్పున వేసిన చిత్రములు నాటి వస్త్రములను, పొడవైన కుళ్ళాయిలను రంగులలో చూపుచున్నవి. సుమారు 1520లో విజయనగరము చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఏనుగులపై మఖమలు కప్పడములను, వాటి తలలపై చిత్రించిన భయంకర ముఖములను వర్ణించెను. అయితే ఆయన చూచినది ఉత్సవపు అలంకారము. ముట్టడిలోని ఏనుగు అంత శోభతో నుండెనని దానివలన తేలదు.

సాక్ష్యమునకు విధేయుడగుట ఎంత కష్టమో విలియం సైబోర్న్ అనుభవము తెలుపును. ఈ బ్రిటిషు సైనికోద్యోగి వాటర్లూ యుద్ధభూమిని తానే కొలిచి, యుద్ధములో పాల్గొన్న అధికారులకు ఉత్తరములు వ్రాసి వివరములు రాబట్టి, వేలకొలది చిన్న బొమ్మలతో గొప్ప నమూనాను నిర్మించెను. అది 1838లో లండనులో ప్రదర్శింపబడినది. ప్రష్యా సైన్యమునకు అందులో ఇచ్చిన స్థానము గొప్పవారికి నచ్చలేదు. విజయములో వారి పాలు అంత పెద్దదిగా కనబడుట వివాదమై, తుదకు ఆయన వేలకొలది ప్రష్యను బొమ్మలను తొలగించెను. ఒక పుటలోని వాక్యమును ప్రశ్నింతురు గాని, కంటి ఎదుట నిలిచిన బొమ్మను చూచువారు సులభముగా నమ్ముదురు. ఆ తగవు అంత తీవ్రమగుటకు కారణమిదియే.

రంగులలో మరియొక అపాయము దాగియున్నది. దీపపు మసి కేవలము బొగ్గు. ఎర్రమట్టి ఇనుప ఆక్సైడు. ఇవి హాని లేనివి. కాని సింధూరములో సీసము, ఇంగిలీకములో పాదరసము, హరిదళములో ఆర్సెనిక్ కలవు. 19వ శతాబ్దమున ప్రచారమునకు వచ్చిన క్రోము పసుపు సీసపు లవణమే. సీసము శరీరమున చేరినచో పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేయును. పసిపిల్లలు బొమ్మను నోట పెట్టుకొందురు కదా! మన దేశమున 2016 నాటి నియమములు గృహావసర రంగులలో సీసమును పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించరాదని నిర్ణయించినవి. ఏటికొప్పాక లక్కబొమ్మలకు చెట్ల రంగులను పునరుద్ధరించుటకు కృషి చేసిన సి. వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించినది.

కొండవీటి ముట్టడిని పాఠశాల ప్రదర్శనలో నిలుపగోరు ఉపాధ్యాయులు సీసము లేని నీటిరంగులనే ఎన్నుకొనవలెను. ఆ దృశ్యము ప్రక్కన ఒక చీటీ కూడ ఉంచుట మంచిది. కుళ్ళాయి లేపాక్షి చిత్రములను బట్టి వేసినదనియు, కప్పడపు రంగు ఊహించినదనియు అందులో వ్రాయవచ్చును. అట్టి చీటీ చదివిన విద్యార్థి, కొలువులోని అంబారీ ఏనుగును చూచినపుడు కూడ, "ఈ రంగు ఎవరు చూచి చెప్పినది?" అని అడుగును.