బొమ్మక్రింది చేవ్రాలు

పుస్తకముల దుకాణమున ఒక బల్ల వేసి, దాని వెనుక పుస్తకమునకు బొమ్మలు గీసిన చిత్రకారుని కూర్చుండబెట్టి, కొన్నవారి ప్రతులపై అతనిచేత చేవ్రాలు చేయించుట నేడు పెక్కు దేశములలో కానవచ్చు ఆచారము. అమెరికాలోను, ఫ్రాన్సు, బెల్జియము దేశములలోను బొమ్మల కథలు మాత్రమే అమ్ము దుకాణములు కలవు. అచ్చట ఈ చేవ్రాలు కూటములు చిన్న పండుగలవలె జరుగును. వరుసలో నిలుచువారిలో పిల్లలతోపాటు నెరిసిన తలలు కూడ తక్కువ కావు. ఫ్రెంచి దేశమున చిత్రకారుడు వట్టి పేరు వ్రాసి ఊరకుండడు. కోరిన పాత్ర నొకదానిని అప్పటికప్పుడు తొలి పుటమీద గీసి యిచ్చును.

హైదరాబాదు నగరమునకు తూర్పున, విజయవాడ పోవు రహదారిపై, దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్.బి. నగరు దాక పుస్తకముల దుకాణములకు కొదువ లేదు. కాని అచ్చట పుస్తకమనగా ముఖ్యముగా పరీక్ష పుస్తకమే. బ్యాంకు ఉద్యోగములకు, గ్రూపు పరీక్షలకు, ఉపాధ్యాయ నియామకములకు చదువు యువకులు జిల్లాలనుండి వచ్చి, గదులు అద్దెకు తీసికొని, కోచింగు సెంటర్ల చుట్టును కాపుర ముందురు. వారికి కావలసిన గైడ్లు, పాత ప్రశ్నపత్రములు, జిరాక్సు నోట్సు కట్టలు - ఇవియే ఆ దుకాణముల సరకు. బొమ్మల కథ ఏదైన ఉన్నచో ఒక మూల తీగకు వ్రేలాడుచుండును. దానికి బొమ్మలు గీసిన దెవరని కొనువాడు అడుగడు, అమ్మువాడు ఎఱుగడు.

అట్లని ఆ బస్తీలలోని ఇండ్లలో బొమ్మల కథ తెలియనివా రున్నారనుకొనరాదు. శవమును భుజముపై వేసికొని, కత్తి దూసి, శ్మశానమున నడచు విక్రమార్కుని బొమ్మ చూపినచో తాతయు మనుమడును ఒక్కమారే పోల్చుకొందురు. బొమ్మ తెలియును; గీసిన చేయి తెలియదు. ఈ ఎడబాటుకు ఒక చరిత్ర కలదు.

1947 జూలైలో, స్వాతంత్ర్యమునకు ఒక నెల ముందు, చక్రపాణి, బి. నాగిరెడ్డి గారలు మద్రాసులో చందమామను ప్రారంభించిరి. తెలుగునను, అంబులిమామ యను పేర తమిళమునను అది ఒక్కసారిగ వెలువడి, తరువాత పలు భాషలకు వ్యాపించినది. సూక్ష్మముగ విచారించినచో చందమామ కామిక్కు కాదు. కామిక్కులో కథ గళ్లలో నడచును. మాట పాత్ర నోటినుండి బుడగవలె వెడలును. చందమామలో కథ కథగనే యుండి, పుటలో గొప్ప భాగమును బొమ్మ ఆక్రమించుకొనును. ఐనను, అక్షరములు కూడబలుకుకొను వయస్సున బొమ్మను పట్టుకొని కథలోనికి దిగుట మన పిల్లలకు నేర్పిన దదియే.

ఆ బొమ్మల మూలలలో పొట్టి చేవ్రాళ్లుండెడివి. చిత్రా అనగా టి.వి. రాఘవన్. వ.పా. అనగా వడ్డాది పాపయ్య; 1921లో శ్రీకాకుళమున జన్మించి 1992లో దివంగతుడైన ఆ మహాచిత్రకారుని రంగుల అట్టబొమ్మలకు ఆ రెండక్షరములే గుర్తు. భారతకథకు అట్టబొమ్మలు రచించినవారు ఎం.టి.వి. ఆచార్య. శంకర్ అనగా కె.సి. శివశంకరన్. 1924లో జన్మించి, మద్రాసు చిత్రకళాశాలలో శిక్షణ పొంది, 1950 దశకపు తొలినాళ్లలో చందమామలో చేరి, దరిదాపు అరువది ఏండ్లు అందే గీసిన వాడాయన. మనము చెప్పుకొన్న ఆ విక్రమార్కుడు ఆయన చేతిలోని వాడే. 2020 సెప్టెంబరులో, 96 ఏండ్ల వయస్సున ఆయన కన్ను మూసెను. మరుసటి సంవత్సరము పద్మశ్రీ ప్రకటించిరి. అందుకొనుటకు ఆయన లేడు.

ఇందొక విచిత్రము కలదు. బొమ్మ గీసినవాని పేరు ఏ మూలనో యున్నది కాని, కార్యాలయములో కూర్చుండి కథ వ్రాసినవాని పేరు లేదు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుండి 1980లో మరణించునంతవరకు చందమామ సంపాదక భారమును వహించిరి. పత్రికమీద మాత్రము వారి పేరు కనబడలేదు. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ మున్నగు ధారావాహికలను వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యముగారి పేరు వేలకొలది పాఠకులకు దశాబ్దములపాటు తెలియదు. ఆయన 2010లో మరణించెను. మఱి ఎవరి పేరు అచ్చుపడెడిది? ఫోటో వ్యాఖ్యల పోటీలో గెలిచిన పాఠకునిది! ఒక చిన్న వాక్యము కార్డుమీద వ్రాసి పంపినవాని పేరును, ఊరును అందముగ అచ్చువేయు పత్రిక, నెలనెలకు అద్భుతలోకములను కట్టి యిచ్చినవానిని తెరచాటున నుంచినది. పత్రిక పేరే పెద్దది కావలెనను చక్రపాణిగారి పట్టుదలలో ఒక న్యాయము లేకపోలేదు. ఐనను ఆ న్యాయమునకు మూల్యము చెల్లించిన దెవరో మఱువరాదు.

ఆకాశవాణిలో పనిచేయు మాబోంట్లకు ఈ స్థితి కొంత పరిచితమే. మా గొంతుక ఇంటింటికి తెలియును, ముఖము ఎవరికిని తెలియదు. ఐనను కార్యక్రమము ముగియునప్పుడు పాల్గొన్నవారి పేరులు చదువు మర్యాద మాకు మొదటినుండియు కలదు. ఆ రెండు నిమిషములు లేకున్నచో ఎందరు నటులు, ఎందరు వాద్యకారులు అనామకులై పోయియుందురో!

అమెరికా కథ దీనికి దూరమైనది కాదు. అచ్చట డిస్నీ బాతుల కథలను దీర్ఘకాలము వ్రాసి గీసినవాడు కార్ల్ బార్క్స్. పిసినారి స్క్రూజ్ మామను 1947లో సృష్టించిన దాయనయే. పుస్తకముమీద డిస్నీ పేరు తప్ప ఆయన పేరు లేదు. కాని పిల్లలు తెలివిగలవారు. నలుగురైదుగురు గీసిన బాతులలో ఒకని చేతి బాతులు మేలైనవని కనిపెట్టి, పేరు తెలియక, మంచి బాతుల చిత్రకారుడని వానికొక బిరుదు పెట్టుకొనిరి. 1960లో జాన్ స్పైసర్ అను అభిమాని ఎట్లో ఆచూకి తీసి ఆయనకు జాబు వ్రాసెను. తన కెవరు వ్రాయుదురులే, ఇది స్నేహితుల పరిహాసమై యుండునని బార్క్స్ మొదట శంకించెనట. అప్పటికి ఆయనకు దరిదాపు అరువది ఏండ్లు.

సూపర్‌మ్యాన్ సృష్టికర్తలు జెర్రీ సీగెల్, జో షుస్టర్ల కథ ఇంకను చేదైనది. 1938లో వారు ఆ పాత్రపై గల హక్కును 130 డాలర్లకు అమ్మివేసిరి. తరువాత కోర్టులలో ఓడి, వార్ధక్యమున చిక్కుల పాలైరి. తోటి చిత్రకారులు ఆందోళన చేయగా 1975 డిసెంబరులో ఆ సంస్థ వారికి వార్షిక భరణ మిచ్చుటకును, కథల మొదట వారి పేరు వేయుటకును అంగీకరించినది. ఆ న్యాయము దొరకుటకు ముప్పది యేడేండ్లు పట్టినది. అమెరికా దుకాణములోని చేవ్రాలు బల్లకు వెనుక ఈ కథ యున్నది. చిత్రకారుడు తన పేరును తన చేతితో తాను వ్రాయుట ఆ దేశమున ఊరక దొరకిన భాగ్యము కాదు.

దుకాణములు పుట్టుటకు వ్యాపారపు కారణ మొకటి కలదు, అది తెలిసికొనదగినది. వెనుక బొమ్మల పుస్తకములు వార్తాపత్రికలతో కలిసి, వీథి మూలల బంకులలో అమ్ముడుపోయెడివి. అమ్ముడుపోని వానిని బంకువాడు వెనుకకు పంపెడివాడు; పలుమారు అట్ట చించి పంపినను సరిపోయెడిది. నష్టము ప్రకాశకునిది. అందువలన ఏ పుస్తకము ఏమిటో, చదువువా డెవడో బంకువాడు పట్టించుకొన నక్కరలేదు. 1968లో గారీ ఆర్లింగ్టన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో కామిక్కులకే ప్రత్యేకముగ దుకాణము తెరచెను. 1970 దశకము తొలినాళ్లలో ఫిల్ స్యూలింగ్ అను న్యూయార్కు ఉపాధ్యాయుడు ప్రకాశకులతో క్రొత్త ఒడంబడిక చేసికొనెను: పుస్తకములు ఎక్కువ తగ్గింపు ధరకు ఇయ్యవలెను, మిగిలినవానిని తిరిగి పంపము. దీనితో నష్టభయ మంతయు దుకాణదారుని నెత్తికి వచ్చినది. ఏ కథ ఎన్ని ప్రతులు పోవునో ముందుగనే అతడు ఎఱుగవలెను. అనగా తన పాఠకులను పేరుపేరున ఎఱుగవలెను. దుకాణము కూటమిగ మారినది. చిత్రకారుని పిలుచుట, పిల్లలకు బొమ్మలు గీయు తరగతులు పెట్టుట - ఇవన్నియు ఆ ఎఱుకనుండి పుట్టినవే. 2002 మే 4న కాలిఫోర్నియాకు చెందిన జో ఫీల్డ్ అను దుకాణదారుని సూచనపై మొదటి ఉచిత కామిక్కుల దినమును జరిపిరి. స్పైడర్‌మ్యాన్ చలనచిత్రము ముందునాడే విడుదలయైనందున జనము విరివిగ వచ్చిరి. ఉచితమన్న మాట పాఠకునికి గాని దుకాణదారునికి గాదు. అతడు ఆ ప్రతులను స్వల్పపు వెలకైనను కొనియే పంచును.

మన దేశమున ఒక దుకాణపు అద్దమే బొమ్మల కథకు పుట్టుక నిచ్చినదని చెప్పవచ్చును. 1967 ఫిబ్రవరిలో అనంత్ పాయ్ ఢిల్లీలో మహారాజా లాల్ అండ్ సన్స్ దుకాణము ముంగిట నిలిచి, లోనున్న టెలివిజనులో ఒక ప్రశ్నల పోటీని చూచెను. గ్రీకు దేవతలనుగూర్చి చెప్పగలిగిన విద్యార్థులు శ్రీరాముని తల్లి ఎవరో చెప్పలేకపోయిరి. ఆ యేడే అమర చిత్ర కథ ప్రారంభమైనది. కాలక్రమమున తెలుగున కూడ వచ్చినది. ఐతే పాయ్‌గారికి పాఠకులతో గల పరిచయ మధికముగ ఉత్తరములద్వారా కలిగినది. 1980లో టింకిల్ వెలువడిన పిమ్మట అంకుల్ పాయ్ అను పేర పిల్లలు వ్రాయు జాబులు మూటలుగ వచ్చెడివి. చందమామకు పోటీ కార్డులు, టింకిల్‌కు జాబులు: మన దేశమున చేవ్రాలు బల్ల చేయవలసిన పనిని చిరకాలము తపాలా శాఖయే చేసినది.

తూర్పు హైదరాబాదులో ఆ పనిలో కొంత అద్దె పుస్తకముల దుకాణములకును చెందును. సరూర్‌నగరు, కొత్తపేట, చైతన్యపురి ప్రాంతములలో కాలనీలు పెరిగిన రోజులలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, ఆర్టీసీ ఉద్యోగులు అచ్చట ఇండ్లు కట్టుకొనిరి. సంచిక కొనలేని యింటికి అద్దె దుకాణమే గ్రంథాలయము. కొంత డిపాజిటు కట్టి, రోజు కింతయని చెల్లించి, యండమూరి నవల అమ్మకును, బాలమిత్రయో బొమ్మరిల్లో పిల్లలకును తెచ్చుకొనెడివారము. పుస్తకపు అట్టకు దుకాణదారుడు దళసరి కాగితము అంటించి, పైన తన నంబరు వేసెడివాడు. చిత్రకారుని చేవ్రాలు చాలమారు ఆ కాగితము క్రిందనే మరుగుపడెడిది! ఆ దుకాణములు టెలివిజను రాకతో క్షీణించినవి. చందమామయు 2013 ప్రాంతమున ఆగిపోయినది.

ఇప్పుడు చిత్రకారుని చూడవలెనన్నచో మార్గము లేకపోలేదు. 2011లో ఢిల్లీలో మొదలైన కామిక్ కాన్ 2013లో హైదరాబాదునకు వచ్చినది. గళ్లకు గళ్లుగ చిత్రకారులు కూర్చుండి, తమ పుస్తకములు తామే అమ్ముకొని చేవ్రాలు చేయుదురు. జయ్ ఉండుర్తి రచింపగా హర్షో మోహన్ చట్టోరాజ్ బొమ్మలు వేసిన హైదరాబాదు బొమ్మల నవల ఈ తరములోనిదే. ఐతే అది ఆంగ్లమున నున్నది. మఱి 2008లో పోగో చానెలులో ప్రత్యక్షమై, దేశమందలి పిల్లల నందఱను ఆకర్షించిన ఛోటా భీమ్ ఈ నగరమున రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థలో పుట్టినవాడు. ఎల్.బి. నగరులోని ఏ బడిపిల్లవాని సంచిమీద చూచినను వాడుండును. వానిని నిత్యము గీయు పదుల చేతులలో ఒక్కరి పేరైన ఆ పిల్లవాడు చెప్పగలడా? చందమామ రచయితల పేరులు దాగినట్లే ఇచ్చట చిత్రకారుల పేరులు దాగినవి.

కామిక్ కాన్ జరిగిన హైటెక్స్ మైదానము నగరమునకు పడమటి కొసన నున్నది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి. నగరు దాక మెట్రో రైలు నడచుట ప్రారంభమైన పిమ్మట ప్రయాణము కొంత తేలికైనది. ఐనను అమీర్‌పేటలో బండి మారి, దిగిన పిమ్మట మఱల ఆటో వెదకవలెను. ప్రవేశపు టిక్కెట్టు వేఱు. తల్లిదండ్రులు, ఇద్దఱు పిల్లలు పోయివచ్చుటకు అగు వ్యయముతో పది పదునైదు తెలుగు బొమ్మల పుస్తకములు కొనవచ్చును. కళను చూచుటకు నగరమును ఆ కొసనుండి ఈ కొసకు దాటుమనుట పిల్లలున్న యింటికి న్యాయముగ తోచదు.

దిల్‌సుఖ్‌నగరులో గైడ్లు అమ్ము దుకాణదారునికి స్యూలింగ్ ఒడంబడిక వలన వచ్చిన విద్య యిప్పటికే కొంత తెలియును. ఏ పరీక్షకు ఏ నెలలో ఎందఱు వత్తురో, ఏ పుస్తకము ఎన్ని ప్రతులు తెప్పింపవలెనో అతడు వ్రేళ్లమీద లెక్కించి చెప్పగలడు. ప్రకటనలు వెలువడని మాసములలో అతని బల్ల ఖాళీగనే యుండును. అట్టి ఆదివారమున ఒక తెలుగు చిత్రకారుని పిలిచినచో కావలసినది రెండు కుర్చీలు, ఒక గుడ్డ తెర, ముందుగ తెప్పించిన ముప్పది నలువది ప్రతులు. మిగిలినచో నష్టము స్వల్పము. పిలుచుటకు చిత్రకారులును కొదువ లేరు: వారపత్రికలకు, పాఠ్యపుస్తకములకు, స్టూడియోలకు బొమ్మలు గీయుచు ఈ నగరముననే అద్దె యిండ్లలో నివసించువారు కలరు. ఇంటి గోడమీది పెన్సిలు గీతలకు తిట్లు తినిన పిల్లవా డొకడు ఆ వరుసలో నిలిచినప్పుడు, ఆయన తల యెత్తి మొదట వాని పేరడుగును. ఆ పేరు తెలుగున వ్రాసి, దాని క్రింద తన పేరు వ్రాయును.