విత్తనానికి వదిలిన కాయ

పెరట్లో బీరపాదు ఉన్న ఇంట్లో మీరొక సంగతి గమనించే ఉంటారు. కాయలన్నీ కోసినా, నిండుగా కాసిన ఒకదాన్ని పెద్దవాళ్లు తీగకే వదిలేస్తారు. అది ముదిరి, ఎండి, ఊపితే గలగలమంటుంది. పైన పీచు, లోపల వచ్చే ఏటి పంట. మన దేశంలో కూరగాయల విత్తనం చాలాకాలం ఇలాగే సాగింది.

'పాత విత్తనం' అనే మాటలో చిన్న చిక్కుంది. ఉల్లి గింజ మామూలుగా ఏడాది రెండేళ్లలోనే మొలకశక్తి కోల్పోతుంది. వంగ గింజను బాగా ఆరబెట్టి దాచినా నాలుగైదేళ్లే. కాబట్టి వందేళ్లనాటి గింజ ఎవరి కుండలోనూ ఉండదు. ఉండేది దాని వంశం. వరసగా కొన్నేళ్లు ఎవరూ వేయకపోతే ఆ వంశం అక్కడితో సరి.

కర్ణాటకలోని ఉడుపి దగ్గర మట్టు అనే ఊరుంది. అక్కడి 'గుళ్ల' వంకాయ గుండ్రంగా, లేత ఆకుపచ్చ మీద తెల్లని చారలతో ఉంటుంది. 16వ శతాబ్దికి చెందిన వాదిరాజతీర్థులు ఆ విత్తనం ఇచ్చారని ఊరివారి నమ్మకం. ఐతిహ్యాన్ని చరిత్రగా తీసుకోనక్కరలేదు. కానీ ఆ నమ్మకమే ఆ గింజను తరతరాలుగా వేయించింది. 2011లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇక కొన్న విత్తనం సంగతి. 1963లో జాతీయ విత్తన సంస్థ ఏర్పడింది, 1966లో విత్తన చట్టం వచ్చింది. 1988 నాటి విధానం కూరగాయ విత్తనాల దిగుమతికి దారి తెరిచింది. సంకర విత్తనాలు దిగుబడి పెంచిన మాట నిజం. వాటిని తిట్టిపోయడం న్యాయం కాదు. అయితే సంకర మొక్క కాయలోని గింజను మళ్లీ వేస్తే, మొక్కలు ఒకే తీరున రావు. ఒకటి పొడుగు కాయ కాస్తే ఇంకొకటి పొట్టి కాయ కాస్తుంది. కనుక రైతు ఏటా అంగడికి వెళ్లవలసిందే. కాయను విత్తనానికి వదిలే అలవాటు అలా సన్నగిల్లింది.

ఆ అలవాటు విలువ 2010లో బీటీ వంకాయ వివాదంలో మళ్లీ చర్చకు వచ్చింది. హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. వంగ పూలకు తేనెటీగల వల్ల పరపరాగ సంపర్కం కూడా కొంత జరుగుతుంది; పక్క చేలోని కొత్త రకం మన నాటు గింజలో కలిస్తే ఎలా అన్నది అక్కడ వినిపించిన భయాల్లో ఒకటి. ఆ ఫిబ్రవరి 9న కేంద్రం ఆ రకం విడుదలను నిలిపివేసింది.

విత్తనం దాచుకునే హక్కు అంతకు ముందే చట్టంలోకి ఎక్కింది. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట గింజను దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్మవచ్చు కూడా. రక్షణ పొందిన రకమైతే మాత్రం బ్రాండు పేరుతో అమ్మకూడదు.

ఢిల్లీలోని జాతీయ జన్యు నిధిలో గింజలను మైనస్ 18 డిగ్రీల చలిలో దాస్తున్నారు. అక్కడ కూడా మొలకశక్తిని అప్పుడప్పుడు పరీక్షిస్తారు. అది తగ్గితే, ఆ గింజను పొలంలో వేసి, కాయ ముదరనిచ్చి కొత్త గింజ తీస్తారు.