పోరుమామిళ్ల చెరువు రాయలవారిది కాదు

మరవ పారిన ఏడాది మన చెరువుకట్ట మీద తిరునాళ్లే. బద్వేలు నుంచి కూడా పిల్లాజెల్లాతో వచ్చి, నీళ్లు చూసి, ఫోటోలు దిగి వెళ్తారు. వాళ్లకు మనవాళ్లు చెప్పేది ఒకటే: శ్రీకృష్ణదేవరాయలు తవ్వించాడని. వ్యాసాలు రాసేవాళ్లూ అదే ఎత్తి రాస్తున్నారు.

రాయలు గద్దెనెక్కింది 1509లో. భైరవుని గుడి ముందున్న రెండు శాసనపు బండలు శక సంవత్సరం 1291వి, అంటే 1369 నాటివి. అప్పటికి రాయల తాత కూడా పుట్టి ఉండడు. చెరువు కట్టించింది మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు. భవదూరుడని మరో పేరు. ఉదయగిరి నుంచి ఈ సీమను ఏలాడు. చెరువుకు పెట్టిన పేరు అనంతరాజసాగరం. రాయల రాణి, గజపతుల ఆడబిడ్డ కట్టించిందని చెప్పుకునేది కంభం చెరువు. ఆ కథను తెచ్చి మన చెరువుకు అతికించారనే నా నమ్మకం.

సుక్తాంకర్ ఈ శాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో ఎప్పుడో అచ్చువేశారు. అది చదివినవాళ్లు కూడా వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అన్న లెక్క రాసి ఊరుకుంటారు. మిగతాదంతా రాజుగారి పొగడ్త అని తీసిపారేస్తారు. అన్యాయం! మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పిన శాసనమిది. గట్టి బంకనేల, మూడు యోజనాల అవతల నుంచి వచ్చే తియ్యనీటి ఏరు, గుట్టల నడుమ మరీ పొడవు కాని రాతికట్ట, దగ్గర్లో నిడుపాటి రాళ్ల గని, పని తెలిసిన మనుషులు కావాలంటుంది. కట్టలోంచి నీరు ఊరడం, చవిటినేల, రెండు రాజ్యాల పొలిమేర, చెరువు నడుమ మెరక దోషాలంటుంది. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువైనా దోషమే, నీళ్లు ఎక్కువై నేల చాలకపోయినా దోషమే. ఈ ఒక్క ముక్క చాలు, రాయించినవాళ్లకు చెరువు పని తెలుసనడానికి. తూము కింద మడి ఉన్న ఏ రైతునైనా అడగండి.

2020లో కంభం చెరువుతోపాటు మన చెరువుకూ అంతర్జాతీయ సాగునీటి వారసత్వ గుర్తింపు దక్కింది. సంతోషమే. కానీ శాసనం సంస్కృతంలో ఉంది, కట్ట మీదికి వచ్చేవాళ్లు తెలుగువాళ్లు. ఆ పన్నెండు అంగాలూ ఆరు దోషాలూ తెలుగులో చెక్కించి, పైన భాస్కరుడి పేరు, 1369 అని వేసి కట్ట మీద నిలబెట్టాలి. ఊరు పూనుకుంటే అదేమంత పెద్ద ఖర్చు కాదు.