పరమమూల్యపు పూర్వచరిత్ర

నేటి పాఠశాలలలో బీజగణితము నభ్యసించు విద్యార్థి |య − 5| < 3 అను నసమీకరణము నొక పంక్తిలో వ్రాసి, మఱుపంక్తిలోనే య విలువ 2 కును 8 కిని నడుమ నుండునని తేల్చుచున్నాడు గాని, ఆ చిన్న పంక్తిలో నిమిడిన భావములన్నియు నొకచోట జేరుటకు పండ్రెండు శతాబ్దములకు పైగా పట్టినదని యెఱుగడు.

ఆ భావములలో మిక్కిలి ప్రాచీనమైనది పరిమాణమును ధనఋణత్వమునుండి వేఱుచేసి చూచుట. క్రీ. శ. 628 లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున ధనమును ఋణమును కలిపినచో వాని యంతరమే ఫలమని విధించెను. అట్టి యంతరమును దీయుటకు ముందు ధనమేది, ఋణమేది యను విచారమును ప్రక్కనుంచి, రెండింటిలో నేది పెద్దదో చూడవలసియున్నది గదా! పేరింకను పుట్టకపోయినను, ధనఋణభేదమును విడిచిన పరిమాణమగు పరమమూల్య మచ్చట పనిచేయుచునే యున్నది. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహములో, ధనముయొక్క వర్గమును ఋణముయొక్క వర్గమును రెండును ధనములేయని స్పష్టపఱచెను. పావులూరి మల్లన తెనిగించి మన భాషలో గణితమునకు కావ్యగౌరవము గూర్చిన మూలగ్రంథ మిదియే.

అయినను ఈ భావము కన్నులకు గట్టినట్లు కనబడునది భాస్కరాచార్యుని లీలావతిలోనే. 1150 నాటి యా గ్రంథమున నొక త్రిభుజము గలదు: భుజములు 10, 17, భూమి 9. శీర్షమునుండి దింపిన లంబము భూమిపై బడక దాని వెలుపల బడుచున్నది. అందుచే ఆబాధలలో, అనగా లంబపాదమునుండి భూమి కొనలవఱకు గల ఖండములలో, నొకటి 15 కాగా, రెండవది ఋణము 6 అగుచున్నది. లంబము 8, క్షేత్రఫలము 36. పొడవు ఋణమగుటెట్లని శంకించి ఆచార్యుడు లెక్కను విడనాడలేదు. ఆ ఖండము వ్యతిరేకదిక్కున నున్నదని యర్థము చెప్పి సాగిపోయెను. ఆఱు దూరము, ఋణత్వము దిక్కు. పరమమూల్యమునకు ఇంతకంటె చక్కని ప్రథమపాఠము మఱియొకటి నాకు కానరాదు.

ఐరోపాలో నీ దృష్టి స్థిరపడుటకు చాలకాలము పట్టెను. 1685 లో జాన్ వాలిస్ అను నాంగ్లేయుడు, అయిదు గజములు ముందునకు నడచి ఎనిమిది గజములు వెనుకకు మరలినవాడు బయలుదేరినచోటికి మూడు గజములు వెనుక నిలుచునని చూపి, ఋణసంఖ్యను సరళరేఖపై నిలిపెను. ‘<’, ‘>’ అను గుర్తులు అంతకు ముందే, థామస్ హారియట్ మరణించిన పదియేండ్లకు, 1631 లో అచ్చయిన యాతని గ్రంథమున వెలసినవి. 1821 లో ఫ్రాన్సు దేశమున కోషీ తన విశ్లేషణగ్రంథమున నసమీకరణములను సిద్ధాంతనిరూపణకు ముఖ్యసాధనముగా జేసికొనెను. పరమమూల్యమునకు గుర్తగు రెండు నిలువుగీతలను మాత్రము 1841 లో జర్మనుడగు వయెర్‌స్ట్రాస్ వాడెను. ఆ వ్రాత అచ్చయినది 1894 లో. అవధిని నిర్వచించుటకు, రెండు విలువల నడుమ దూరము మనమెంత స్వల్పముగా నిర్ణయించిన దానికంటెను తక్కువయగునని చెప్పవలసివచ్చినప్పుడు, ఈ గీతలును ఆ గుర్తులును విడదీయరాని జంటయైనవి.

దూరమునుండి పుట్టిన యీ విషయమును మన తరగతులలో దూరము మాటయే యెత్తక బోధించుట విచారకరము. చిన్నదైనచో ‘మఱియు’, పెద్దదైనచో ‘లేదా’ యని రెండు సూత్రములు వల్లింపజేసిన బాలుడు పరీక్షలో వానిని తారుమారు చేయుటలో నాశ్చర్యమేమి? |య + 2| > 4 అనగా ఋణము 2 నుండి య దూరము నాలుగింటిని మించవలెనని యెఱిగినవాడు, సంఖ్యారేఖపై నిరుప్రక్కల నాలుగేసి యడుగులు కొలిచి, య విలువ ఋణము 6 కంటె తక్కువగానో, 2 కంటె ఎక్కువగానో యుండవలెనని తానే కనుగొనును. |య + 2| < −4 అని యిచ్చినచో, ఋణసంఖ్యకంటె తక్కువయైన దూరము లేదు గనుక సాధనయే లేదని తడుముకొనక చెప్పును.

కావున ఉపాధ్యాయులకు నా విన్నపమొక్కటే: నిలువుగీతలను నల్లబల్లపై వ్రాయుటకు ముందు లీలావతిలోని యా త్రిభుజమును గీయుడు, సూత్రములను పిదప జెప్పవచ్చును.