పత్తర్‌గట్టి మేడలకు దారి ఎటు?

హైదరాబాద్‌లో ఏడో నిజాం కాలపు కట్టడాల పేర్లు చెప్పమంటే హైకోర్టు అంటారు, ఉస్మానియా ఆస్పత్రి అంటారు, సిటీ కాలేజీ అంటారు. మదీనా చౌరస్తా దాటాక చార్‌కమాన్ వైపు రోడ్డుకు రెండు పక్కలా సాగే రాతి దుకాణాల వరుస పత్తర్‌గట్టి మాత్రం ఆ జాబితాలోకి రాదు. పెళ్లి బట్టలకు, ముత్యాలకు, అత్తరుకు తరతరాలుగా వెళ్తున్న చోటు కదా, బజారు అనుకుంటామే తప్ప చరిత్ర అనుకోం. కానీ పాత ఊరి నడిబొడ్డున రోడ్డు వెడల్పు చేసి, దాని అంచున కింద ముల్గీ, పైన ఇల్లు ఉండేలా ఒకే తీరున కమానులు నిలబెట్టిన ఆ పని, హైకోర్టు కట్టడం కన్నా కష్టమైనది. హైకోర్టుకు స్థలం చూపిస్తే చాలు. బజారును మార్చాలంటే బేరం ఆగకూడదు, బతుకులు చెదరకూడదు.

ఆ పనికి దారితీసింది మూసీ. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన వరదలో సుమారు 15 వేల మంది పోయారని, 19 వేల ఇళ్లు కూలాయని లెక్క. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికి బయటపడిన కథ నగరంలో అందరికీ తెలిసిందే. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన పేరు చెప్పగానే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ గుర్తొస్తాయి. అయితే ఆయన సలహాలు చెరువులతోనే ఆగలేదు. మురుగు పారుదల, నది ఒడ్డు, ఇరుకు బస్తీలు కూడా వాటిలో ఉన్నాయి. వరద గాయం మానకముందే 1911లో ప్లేగు వచ్చిపడింది. గాలీ వెలుతురూ లేని గల్లీల సంగతి ఇక వాయిదా వేయడానికి లేకపోయింది.

1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. పత్తర్‌గట్టి కట్టింది ఆ బోర్డే. తర్వాతి రోజుల్లో నిజాం రెండో కుమారుడు మొజం జా దానికి అధ్యక్షుడయ్యాడు. ఇరుకు బస్తీలను తొలగించడం, రోడ్లు వెడల్పు చేయడం, ఇళ్లు కట్టడం ఒకే బోర్డు చేతిలో ఉండటమే అందులోని కిటుకు. ఇప్పుడైతే రోడ్డు ఒక శాఖది, కాలువ ఇంకొకరిది, ఇల్లు మరొకరిది. ఫైలు తిరిగేలోగా ఐఏఎస్ అధికారి బదిలీ అయిపోతాడు.

బోర్డు చేసిందంతా ఒప్పు అనడానికి లేదు. మల్లేపల్లి వంటి చోట్ల కొత్త ఇళ్లను ఏ, బీ, సీ, డీ అని తరగతులుగా కట్టింది. డీ తరగతి ఇల్లయినా నెలనెలా అద్దె కట్టగలిగినవాడికే దక్కుతుంది. ఆనాటి కూలీకి రోజు గడవడమే గగనం. నడిబొడ్డు నుంచి పేదను కదిలించిన తర్వాతే నడిబొడ్డు అందంగా కనిపించింది. ఆ అన్యాయాన్ని రాతి కమానులు కప్పేయలేవు. అయినా తొలగించిన చోటికి బదులుగా ఇల్లు అనేది ఒకటి కట్టాలన్న ఆలోచన ఉందే, దాన్ని మాత్రం కాదనలేం. ఇవాళ రోడ్డు విస్తరణలో ముల్గీ పోయినవాడికి చెక్కు దొరుకుతుంది, అదీ దొరికితే. అందులో కిరాయికి ఉన్నవాడి ఊసే ఉండదు.

పత్తర్‌గట్టి ముందు నిలబడి నిదానంగా చూస్తే ఆనాటి లెక్క అర్థమవుతుంది. దుకాణం లోపల ఏం అమ్ముకుంటావో నీ ఇష్టం, రోడ్డు వైపు ముఖం మాత్రం ఊరిది. అందుకే చెక్కిన గ్రానైట్ రాయి, వరుస తప్పని కమానులు, పైన వాటికి జతపడే కిటికీలు. ఇప్పుడా ముఖం కనబడాలంటే కాస్త వెతుక్కోవాలి. కమాను వంపు మీద ఫ్లెక్సీ, దాని మీద ఎల్‌ఈడీ బోర్డు, రాతిలో మేకులు దిగ్గొట్టి వేలాడదీసిన షేర్వాణీలు, పక్కన ఏసీ డబ్బా నుంచి కారే నీళ్లతో రాయి మీద పడ్డ నల్లటి చార. రంజాన్ నెలలో కమానుల కిందికి బల్లలు కూడా వచ్చేస్తాయి, నడిచేవాళ్లు రోడ్డు మీదికి పోతారు. వ్యాపారిని తప్పుపట్టి లాభం లేదు. పక్కవాడి బోర్డు పెద్దదైతే తనదీ పెంచక తప్పదు. ఆ పోటీకి హద్దు గీయాల్సింది మునిసిపాలిటీ.

దీవాన్ దేవిడీ దగ్గర ఇంకో కథ. సాలార్‌జంగ్‌ల నివాసం అది. 1951లో సాలార్‌జంగ్ మ్యూజియం మొదట తెరిచింది అక్కడే, 1968లో ఇప్పటి భవనానికి మారింది. తర్వాత ఆ దేవిడీ జాగాను హోల్‌సేల్ బట్టల కాంప్లెక్సులు నింపేశాయి. ఊరి నడుమ ఖాళీ జాగాలో కట్టుకోవడం తప్పు కాదు. శివారు పొలాల్లో విల్లాలు వేసేకన్నా అదే మేలు, నీళ్లూ బస్సూ బడీ అక్కడే ఉన్నాయి. కానీ అలా నింపేటప్పుడు దుకాణం మీద దుకాణమే వేశారు, ఇల్లు మరిచారు. అందుకే రాత్రి షట్టర్లు పడ్డాక ఆ సందుల్లో మనిషి కనబడడు.

బాగుచేయడం మనకు చేతకాదని కాదు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్టే సాక్ష్యం. టోకు పండ్ల వ్యాపారం కొత్తపేటకు తరలాక ఆ రాతి మార్కెట్ రేకుల షెడ్ల మధ్య నలిగిపోయింది. 2018లో మరమ్మతు మొదలుపెట్టి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. షెడ్లు తీశారు, వైర్లు సర్దారు, గడియారం స్తంభాన్ని బాగుచేశారు. ఇలాంటి పాత గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోక రాయే పెళుసవుతుంది, డంగు సున్నమైతే చెమ్మను బయటికి వదులుతుంది. మేస్త్రీలకు ఈ సంగతి తెలుసు, టెండరు రాసేవాళ్లకు తెలియాలి. అయితే మొజంజాహీలో పని సులువు. అది మునిసిపాలిటీ సొత్తు, పైన కాపురాలు లేవు.

చార్మినార్ చుట్టూ ఉన్న పాత ముల్గీలు అలా కాదు. యజమాని ఒకరు, పగిడీ (ముందస్తు సొమ్ము) కట్టిన కిరాయిదారు ఇంకొకరు, పైన వారసుల వాటాలు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద నామమాత్రపు కిరాయి వచ్చే చోట యజమాని పైకప్పు బాగుచేయడు, కిరాయిదారుకు ఆ అధికారం లేదు. అహ్మదాబాద్ పాత నగరంలో వారసత్వ ఇల్లు నిలబెట్టుకున్నవారికి ఆ స్థలం మీద కట్టుకోని అంతస్తుల హక్కును వేరేచోట అమ్ముకునే వీలిచ్చారు. ఆ సొమ్ము మరమ్మతుకు పనికొస్తుంది. మన దగ్గర ఇలాంటి హక్కు బదిలీ (టీడీఆర్) అంటే రోడ్డు విస్తరణే గుర్తొస్తుంది.

2025 మే 18 ఆదివారం తెల్లవారాక గుల్జార్ హౌజ్ దగ్గర కింద నగల దుకాణాలు, పైన కాపురం ఉన్న ఇంటిలో మంటలు చెలరేగాయి. 17 మంది చనిపోయారు, వారిలో 8 మంది చిన్నపిల్లలు. రెండు మీటర్ల సొరంగంలాంటి దారి, పైకి మీటరు వెడల్పు మెట్లు ఒక్కటే. ఆ వార్త తర్వాత దుకాణం మీద కాపురమే ప్రమాదమని కొందరన్నారు. నేనలా అనుకోను. పైన మనుషులుంటేనే బజారుకు రాత్రి కూడా కాపలా, వెలుగు, సందడి. తప్పు కాపురానిది కాదు, రెండో దారి లేని ఇంటిది. మిగతా మేడలు గోదాములైపోతే మంటకు ఇంకా మేత దొరుకుతుంది.

చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి రాళ్లు పరిచారు, బాగుంది. పత్తర్‌గట్టికి ఎప్పుడు నిధులొచ్చినా ముఖానికి రంగు దీపాలేయడం మామూలైపోయింది. ఈసారి మంజూరయ్యే మొదటి కోటి మెట్లకు, వైరింగుకు, నీళ్ల ట్యాంకుకు ఖర్చు పెట్టండి. ఏ మేడకు వెనక దారి లేదో అధికారులు సర్వే పేరుతో ఏడాది వెతకనక్కర్లేదు, అక్కడి ఏ దుకాణదారుణ్ని అడిగినా చెబుతాడు.