లాస్ వేగస్ ఊటలకు రైల్వే కాపలా

ఆవిరి ఇంజిన్‌కు ఇంధనం ఎంత ముఖ్యమో నీళ్లూ అంతే ముఖ్యం. బాయిలర్‌లో నీరు మరీ తగ్గితే బండి ఆగడం అటుంచి, బాయిలరే పేలిపోవచ్చు. అందుకే లాస్ ఏంజెలెస్‌నూ సాల్ట్ లేక్ సిటీనీ మొజావే ఎడారి మీదుగా కలపాలనుకున్న సెనేటర్ విలియం క్లార్క్ ముందుగా నీళ్ల సంగతి చూసుకున్నాడు. ఏడాదికి నాలుగంగుళాల వాన పడితే గొప్ప అనుకునే నెవాడా లోయలో వాటంతటవే పైకి ఉబికే ఊటలుండేవి. అక్కడి పశువుల క్షేత్రాన్ని హెలెన్ స్టీవార్ట్ అనే ఆవిడ నడిపేది. 1884లో భర్త హత్యకు గురయ్యాక ఆ భారమంతా ఆమె మీదే పడింది. 1902లో రైల్వే 55,000 డాలర్లిచ్చి ఆమె భూమినీ నీటి హక్కులనూ కొనేసింది.

1905 మే 15న అదే రైల్వే ఊరికి స్థలాలు వేలం వేసింది. లాస్ వేగస్ పుట్టింది అప్పుడే.

ఊటలు ఊరికి పడమరగా కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉండేవి. రెడ్‌వుడ్ చెక్కలను పీపా పలకల్లా జోడించి, చుట్టూ తీగ బిగించిన గొట్టాల్లో నీరు వచ్చేది. అతుకుల దగ్గర కారిపోయేది కూడా. మురికి పడకుండా రైల్వే ఊట మీద కట్టడం లేపింది. నీళ్లు మాత్రం తన స్థలాలు కొన్నవారికే ఇచ్చింది. పట్టాలకు అవతల సర్వేయర్ మెక్‌విలియమ్స్ వేసిన పోటీ ఊరికి గొట్టాలు వేయనంది. ఆ ఊరిలో 1905 సెప్టెంబరులో మంటలు లేస్తే ఆర్పడానికి చాలినన్ని నీళ్లు లేవు. చాలా భాగం బూడిదైంది.

ఊటకు గోడ కట్టిన రైల్వే దాని అడుగున ఉన్న జలానికి గోడ కట్టలేకపోయింది. లోయలో ఎవరు బోరు దించినా నీరు తనంతట ఎగజిమ్మేది. మూత లేని బావులు ఎన్నో రాత్రింబగళ్లు ఎడారిలోకి పారాయి. ఊరు పెరిగేకొద్దీ భూగర్భంలో ఒత్తిడి పడిపోయింది. 1954లో, డీజిల్ ఇంజిన్లు వచ్చి ఆవిరి బండ్లు మూలపడుతున్న రోజుల్లో, 25 లక్షల డాలర్లకు నీటి వ్యవస్థ ప్రజల జలమండలి చేతికి వచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. 1962 నాటికి ఊటలు పూర్తిగా ఎండిపోయాయి. వాటిలో తప్ప మరెక్కడా బతకని ఒక చిన్న చేప జాతి అంతరించింది. నీరు తోడేసిన చోట నేల కుంగింది. కొన్నిచోట్ల ఆ కుంగుదల దాదాపు ఆరు అడుగులు.

నేడు నగరం తాగే నీరు చాలావరకు కొలరాడో నదిది. 1980ల చివరి నుంచి జలమండలి, వాడకం తగ్గే చలికాలంలో శుద్ధి చేసిన ఆ నది నీటిని బావుల గుండా తిరిగి నేలలోకి ఎక్కిస్తూ వచ్చింది. ఊటలున్న చోటు 2007 నుంచి స్ప్రింగ్స్ ప్రిజర్వ్ పేరుతో సందర్శకులకు తెరిచి ఉంది.